కొండెక్కిన రైలు, కొండ దిగిన బస్సు

అరకు వెళ్ళాలంటే రైలా, బస్సా? విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళని ఎవరినైనా అడగండి. ‘రైలుకే వెళ్ళాలి, లేకపోతే అరకు వెళ్ళినట్టే కాదు’ అంటారు. మా ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నకి జవాబు తేలలేదు. ఎందుకంటే మా అమ్మ అరకు వెళ్ళనే లేదు. గాజువాకలో ఉంటూ అరకు చూడలేదంటే నవ్వుతారని ఎవరైనా అడిగితే ‘ఎప్పుడో చిన్నప్పుడు వెళ్ళాంలే’ అని దాటేస్తుంది. అసలు విషయం ఘాట్ రోడ్డు. పెళ్ళైన కొత్తలో నాన్న సింహాచలం కొండమీదికి బస్సులో తీసుకెళ్తే ఆ కాసిని మలుపులకే అమ్మ వాంతి చేసుకుందట. ఆ కథ నాన్న ఇప్పటికీ చుట్టాల పెళ్ళిళ్ళలో చెప్తాడు. అమ్మ ఇప్పటికీ నవ్వదు.

మొన్న డిసెంబరులో ఓ వారం వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది. హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చాను. ఈసారి అమ్మని అరకు తీసుకెళ్ళాల్సిందేనని కూర్చున్నాను. మా వృత్తిలో ఏ నిర్ణయమైనా ఎక్సెల్ షీటుతోనే మొదలవుతుంది కదా, ఇక్కడా అదే చేశాను. దూరం, సమయం, ఖర్చు, రోజుకి ఎన్ని, సీటు దొరికే అవకాశం. నాన్న వెనకనుంచి తొంగి చూసి ‘వాంతుల కాలమ్ ఏదిరా?’ అన్నాడు. అదీ పెట్టాను.

షీటు ఏం చెప్పిందంటే... రోడ్డు మీద విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పట్టాల మీద ఇంకో పదిహేను దాకా ఎక్కువ. సమయం చూస్తే రెండింటికీ నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. అంటే ‘రైలైతే తొందరగా వెళ్ళిపోవచ్చు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఖర్చులో ఆర్డినరీ రైలు టికెట్‌ని కొట్టేది లేదు, యాభై రూపాయలకి అటూ ఇటూ. బస్సుకి దానికి నాలుగైదు రెట్లు. అద్దాల పెట్టె, అదే 2017 ఏప్రిల్‌లో వచ్చిన విస్టాడోమ్, ఆరువందలు దాటుతుంది. డిసెంబరులో అందులో సీటు దొరకడమంటే పండక్కి హైదరాబాద్ నుంచి తత్కాల్ దొరికినట్టే. ఇక రోజుకి ఎన్ని అనే కాలమ్‌లో రైలు చతికిలబడింది. పగటిపూట రోజూ కొండెక్కే మామూలు రైలు కిరండూల్ పాసింజర్ ఒక్కటే. రాత్రిది ఇంకోటుంది గానీ అది అరకుని అర్ధరాత్రి చీకట్లో దాటిపోతుంది, దాన్లో వెళ్ళి ఏం చూస్తాం? బస్సులు మాత్రం కాంప్లెక్స్ నుంచి తెల్లవారుజాము మొదలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటూనే ఉంటాయి.

వాంతుల కాలమ్‌లో రైలుకి పదికి పది. ఆ ఒక్క కాలమ్‌తోనే రైలు గెలిచింది.

వెళ్ళేది శుక్రవారం అనుకున్నాం, అరకు సంత రోజు. పాసింజర్ విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. ఐదున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. అప్పటికే సగం విశాఖపట్నం అక్కడుంది. చలి కోట్లు వేసుకున్న కాలేజీ కుర్రాళ్ళు, స్పీకరు పట్టుకొచ్చిన ఓ బ్యాచ్, పులిహోర డబ్బాలతో రెండు మూడు కుటుంబాలు. వీళ్ళ మధ్యలో ఎండుచేపల గంపలతో నలుగురైదుగురు ఆడవాళ్ళు. రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే కుర్రాళ్ళు కర్చీఫులు వేయడం మొదలెట్టారు. ఆ గంపలవాళ్ళు మాత్రం ఏ తొందరా లేకుండా ఎక్కి, తలుపు దగ్గర తమ చోటులో తాము కూర్చున్నారు. రోజూ ఆఫీసుకెళ్ళేవాళ్ళ నెమ్మది అది.

అమ్మ మొహంలో కంగారు చూసి వాళ్ళలో ఒకామె పలకరించింది. ‘ఏటమ్మా, మొదటిసారా? కుడేపు కూకోండి. కొండలన్నీ అటేపే కనపడతాయి.’ అమ్మ ఈసారి ‘చిన్నప్పుడు వెళ్ళాంలే’ అనలేదు. ‘అవునప్పా, మొదటిసారే’ అంది.

సింహాచలం నార్త్, పెందుర్తి, కొత్తవలస. కొత్తవలసలో హౌరా లైను అటు వెళ్ళిపోతే మనం ఇటు తిరుగుతాం. అసలు కేకే లైను మొదలయ్యేది ఇక్కడ్నుంచే. కేకే అంటే కొత్తవలస-కిరండూల్. ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్ బైలడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపి, ఓడలకెక్కించి జపాన్ పంపడానికి 1960ల్లో వేశారు. 1966-67 నాటికి లైను తెరిచారు. 440 కిలోమీటర్లకి పైగా పొడవు, 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. ఇంత కష్టపడి కొండల్ని తొలిచింది మనం అద్దాల్లోంచి లోయలు చూస్తామని కాదు. మనం, మన పులిహోర డబ్బాలు, స్పీకరు బ్యాచ్, అందరం ఇనుప రాయి వెళ్ళే దారిలో ఖాళీ చూసుకుని ఎక్కినవాళ్ళమే. దారిలో ఏదో స్టేషన్లో మా రైలు పక్కకి జరిగి నిలబడితే ఎర్రటి దుమ్ము కొట్టుకున్న వ్యాగన్లు కిందికి దిగుతూ వెళ్ళాయి. యాభై దాకా లెక్కపెట్టి వదిలేశాను.

శృంగవరపుకోట దాటాక బొడ్డవర. అక్కడితో మైదానం అయిపోతుంది. శివలింగపురం నుంచి రైలు కొండల్లోకి దూరుతుంది. మొదటి సొరంగంలో పెట్టె మొత్తం ‘ఓ...’ అని అరిచింది. అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. రెండోదానికి నవ్వింది. మూడోదానికి తనూ చిన్నగా అరిచింది, నేను చూడట్లేదనుకుని. ఆ తర్వాత వేళ్ళమీద సొరంగాలు లెక్కపెట్టడం మొదలెట్టి, పదిహేడో పద్దెనిమిదో దగ్గర జామకాయలు బేరమాడుతూ లెక్క తప్పింది.

ఒక్క విషయం నాకు ఆ రోజే అర్థమైంది. ఇంజినీరింగ్ నాలుగేళ్ళు చదివాను గానీ మనది కంప్యూటర్ సైన్స్ కదా, ఎప్పుడూ ఆలోచించలేదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద వెళ్ళేటప్పుడు పట్టు చాలా తక్కువ. అందుకే నిటారు ఎత్తు ఎక్కడం కష్టం. లారీ టైరుకి రోడ్డు మీద ఉన్న పట్టు రైలు చక్రానికి ఉండదు. కాబట్టి రైలు దారి చాలా మెల్లగా, వాలుగా ఎక్కాలి. మలుపులు కూడా పెద్దగా, విశాలంగా ఉండాలి. కొండ అడ్డొస్తే తిరగడానికి లేదు, తొలుచుకుపోవాల్సిందే. లోయ వస్తే వంతెన. రోడ్డు అలా కాదు. కొండ ఎలా చెప్తే అలా వంకర్లు తిరుగుతుంది, జడ అల్లినట్టు మెలికలు వేసుకుంటూ పైకి పోతుంది. అంటే రైలు కొండని ఒప్పించదు, రోడ్డు కొండని ఒప్పిస్తుంది. మా అమ్మ కడుపుకి సంబంధించిన సమస్య మొత్తం ఈ తేడాలోనే ఉంది. పెద్ద మలుపులో చెవిలోని బ్యాలెన్స్‌కీ కంటికీ గొడవ రాదు. హెయిర్‌పిన్‌లో వస్తుంది.

త్యాడ, చిమిడిపల్లి. ఇవి పర్యాటకులు దిగే స్టేషన్లు కావు. చిమిడిపల్లిలో రైలు ఆగినప్పుడు తలమీద మూటలతో నలుగురు దిగి, పట్టాల వెంట కొంత దూరం నడిచి, పక్కకి తిరిగి పొదల్లో కలిసిపోయారు. నాకు అక్కడ దారి ఉన్నట్టే కనపడలేదు. ఎండుచేపలామెని అడిగాను. ‘లోపల ఊళ్ళుంటాయి బాబూ. ఆళ్ళకి రైలే బస్సు’ అంది.

ఆమెతో అమ్మ అప్పటికే బాగా కలిసిపోయింది. ‘ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కదప్పా, మరి రైలుకెందుకు?’ అని అడిగింది. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. నా షీటులో అమ్మకి ఖర్చు కాలమ్ సున్నా అవ్వాలి. నేను ముగ్గురికీ లెక్కవేసి పడేశాను! ఆమె జవాబు నా షీటులో అసలు లేని కాలమ్. ‘నాకు ఫ్రీయే తల్లీ. నా గంపకి కాదు. అయినా నాలుగు గంటలు ఈ వాసనతో బస్సులో కూకుంటే జనం ఊరుకుంటారా? ఇక్కడైతే తలుపుకాడ గాలికి పెట్టీసి కూకుంటాను.’ నిజంగానే, మా పెట్టెలో సగం మంది ముక్కులు చిట్లించారు గానీ ఎవరూ ఏమీ అనలేదు. రైలు పెట్టెలో అందరికీ చోటుంటుంది, ఎండుచేపలకి కూడా.

బొర్రా గుహలు స్టేషన్లో సగం రైలు ఖాళీ అయింది. ఆ గుహల పైకప్పు మీదుగానే పట్టాలు వెళ్తాయంటారు. తర్వాత కరకవలస, శిమిలిగుడ. శిమిలిగుడలో బోర్డు చూశారా ఎప్పుడైనా? సముద్రమట్టానికి 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే. కాశ్మీర్‌లో లైను వేశాక ఆ బిరుదు పోయింది. నాన్న మాత్రం ‘ఇదే ఎత్తయినది’ అని తన చిన్నప్పటి జనరల్ నాలెడ్జ్‌ని అమ్మకి అప్పజెప్పాడు. నేను సరిదిద్దలేదు. వాళ్ళిద్దరూ ఒకే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, మధ్యలో నేనెందుకు?

అరకులో దిగేసరికి పదకొండు. సంత గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. అల్లం, పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా, కొండచీపుళ్ళు. చీపుళ్ళు చూడగానే అమ్మ ఆగిపోయింది, నాలుగు కొనేసింది. వలిసె పూలు అప్పటికి చాలావరకు అయిపోయాయి. ఒకటి రెండు మడుల్లో పసుపు ఇంకా మిగిలుంటే అక్కడ ఫొటోలకి క్యూ, రైతు మనిషికి ఇంతని తీసుకుంటున్నాడు. మంచి పనే చేశాడు. ట్రైబల్ మ్యూజియం చూసి, బొంగు చికెన్ తిని, కాఫీ తాగాం. కాఫీ బాగుంది గానీ అమ్మకి చేదుగా ఉందట, రెండుసార్లు చక్కెర అడిగింది.

సమస్య తిరుగు ప్రయాణంలో వచ్చింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నాకు హైదరాబాద్ బస్సుంది. శనివారం ప్రొడక్షన్ రిలీజ్, ఆఫీసులో ఉండి తీరాలి. కిరండూల్ నుంచి వచ్చే పాసింజర్ సాయంత్రం అరకులో బయల్దేరి టైంటేబుల్ ప్రకారమే ఎనిమిది దాటాక విశాఖ చేరుతుంది. కొండలైను, పైగా సరుకు రైళ్ళ దారి, చాలావరకు ఒంటి లైను. రెండో లైను పనులు సాగుతున్నాయి గానీ అవి అయ్యేదాకా ఎదురుగా బండి వస్తే మనం ఆగాల్సిందే. ఆ గంట తేడాని నమ్ముకోవాలా? మా భాషలో చెప్పాలంటే రైలుది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అది తప్పితే ఇంకోటి లేదు. బస్సు పోతే అరగంటకో గంటకో ఇంకో బస్సు.

ఈ ముక్క పొద్దున్నే షీటులో కనపడాలి కదా! కనపడలేదు. వెళ్ళేటప్పటి లెక్కే వేశాను, వచ్చేటప్పటిది వేయలేదు.

‘మీరిద్దరూ రైలుకి వచ్చేయండి, నేను బస్సుకి వెళ్తా’ అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. నేను మళ్ళీ సంక్రాంతికి గానీ రాను. చివరికి ‘ఒక నిమ్మకాయ కొనరా’ అంది.

మూడు గంటల ప్రాంతంలో బస్సు. అమ్మ కిటికీ పక్కన, చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో రెండు పాలిథిన్ కవర్లు, కాళ్ళ దగ్గర చీపుళ్ళు. కండక్టర్ అమ్మ ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి ఘాట్ రోడ్డులో తను ఫ్రీగా వాంతి చేసుకోబోతున్నానని అమ్మే జోకు వేసింది. భయంగా ఉన్నప్పుడే అమ్మ జోకులు వేస్తుంది.

ఊరి చివర బస్సు ఆగింది. స్టాపు కాదు, చెయ్యెత్తారు, అంతే. ఓ పెద్దామె, ఏడెనిమిది నెలల గర్భిణి అయిన అమ్మాయి, ఓ గుడ్డ సంచి. సీట్లు నిండి ఉన్నాయి. నాన్న లేచాడు, నేనూ లేచాను. ఆ అమ్మాయి అమ్మ పక్కన, పెద్దామె వెనక సీట్లో కూర్చున్నారు. డుంబ్రిగూడ వైపు నుంచి వస్తున్నారట. వాళ్ళ ఊరు రోడ్డుకి రెండు కొండలు లోపల. తెల్లవారి నడిచి, తర్వాత జీపెక్కి అరకు వచ్చారు. రేపు పొద్దున కేజీహెచ్‌లో స్కానింగు. బిడ్డ అడ్డం తిరిగిందో ఏమో చూడాలన్నారట.

నాలో ఎక్సెల్ మనిషి ఇంకా చావలేదు. ‘రైలైతే కుదుపులు ఉండవు కదమ్మా, రైలుకెందుకు వెళ్ళరు?’ అని అడిగాను.

‘రైలుకి మేం ఆగాల బాబూ’ అంది పెద్దామె. ‘బస్సు చెయ్యెత్తితే ఆగుతాది.’ తర్వాత తనే చెప్పింది. పోయినేడు వాళ్ళ పక్కింటి పిల్లకి అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. వర్షం. డోలీ కట్టి, నలుగురు మోసుకుని రోడ్డుదాకా తెచ్చారు. రోడ్డుమీద అంబులెన్సు ఉంది. ‘బిడ్డ బతికింది’ అంది. తల్లి గురించి చెప్పలేదు. నేను అడగలేదు. అందుకే ఈసారి నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ముందే బయల్దేరారు.

రైలా, బస్సా అని నాలుగు రోజులు షీటు పెట్టుకుని కొట్టుకున్నాను. వాళ్ళ ప్రశ్న ఆ రెండూ మొదలవకముందే ఉంది. ఊరి నుంచి రోడ్డుదాకా ఎలా? అల్లూరి సీతారామరాజు జిల్లాకి 2022లో పాడేరు కేంద్రమైంది. ఆ పాడేరుకే రైలు లేదు, అరకు నుంచి బస్సో జీపో ఎక్కాల్సిందే. ఇక అరకుకి రైలుంది గానీ, 2025 ఫిబ్రవరిలో కేంద్ర క్యాబినెట్ తీసుకున్న నిర్ణయంతో కేకే లైను ఒడిశాలోని రాయగడ డివిజన్ కిందికి పోతుంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ వస్తున్న వేళ, విశాఖ నుంచి కొండెక్కే లైను మాత్రం అందులో ఉండదు. అరకు స్టేషన్లో ఇంకో రైలు కావాలంటే రాయగడ వైపు చూడాలన్నమాట. ఆ పెద్దామెకి ఈ డివిజన్ల గోల అక్కర్లేదు. ఆవిడకి కావాల్సింది ఆ రెండు కొండల మీదుగా జీపు వెళ్ళేంత దారి.

సుంకరమెట్ట దాటాం. గాలికొండ దగ్గర పొగమంచు కమ్ముకుంది. అక్కణ్నుంచి అనంతగిరి మీదుగా దిగడమే. డ్రైవరు ముసలాయన. హారన్ కొట్టి, మలుపులో ఎదుటి లారీకి దారిచ్చి, మళ్ళీ గేరు వేసి... చూస్తుంటే ముచ్చటేసింది. బ్రేకుని తొక్కితొక్కి కాదు, గేర్లోనే బండిని పట్టి దించుతున్నాడు. నిలబడి రాడ్ పట్టుకుని నేను మలుపులు లెక్కపెట్టడం మొదలెట్టాను. అమ్మ సొరంగాల్లాగే నాకూ లెక్క తప్పింది.

అమ్మ వైపు చూడ్డానికి భయమేసింది. చూస్తే అమ్మ కిటికీ పక్కన లేదు! ఆ అమ్మాయిని కిటికీ దగ్గరికి జరిపి, తను ఇటు వచ్చింది. నిమ్మకాయ ఆ అమ్మాయి ముక్కు దగ్గర ఉంది. ‘దూరంగా చూడమ్మా, ఆ కొండ చివర చూడు. కింద చూడకు. గట్టిగా గాలి పీల్చు’ అని చెప్తోంది, ఘాట్ రోడ్ల మీద జీవితమంతా తిరిగిన దానిలా. ఒక పాలిథిన్ కవరు కూడా సిద్ధంగా పట్టుకుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి భుజం చుట్టూ చెయ్యి వేసి ఆపుతోంది. బస్సు త్యాడ దాటి, మైదానంలోకి దిగి, శృంగవరపుకోట బస్టాండులో ఆగేదాకా అదే వరస. అక్కడ నాన్న దిగి టీలు తెచ్చాడు. కప్పులో వచ్చేసరికి సగం ఒలికిపోయింది.

కాంప్లెక్స్ చేరేసరికి ఏడున్నర. నా బస్సుకి ఇంకా రెండు గంటలుంది. కేజీహెచ్‌కి ఆటో మాట్లాడటానికి నాన్న వెళ్ళాడు. ఆటోవాడు ఒక రేటు చెప్పాడు, నాన్న ఇంకోటి చెప్పాడు, మామూలే. వాళ్ళిద్దరూ ఎక్కాక అమ్మ నలిగిపోయిన ఆ నిమ్మకాయని అమ్మాయి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. పెద్దామె సంచిలోంచి గుప్పెడు రాజ్‌మా తీసి అమ్మ కొంగులో పోసింది. వద్దన్నా వినలేదు.

ఆటో సిరిపురం వైపు మలుపు తిరిగేదాకా చూసి, అమ్మ చీపుళ్ళు చంకలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

‘ఒరేయ్, నేను వాంతి చేసుకోలేదు, చూశావా?’